కారు ఏసీ చల్లబరచనప్పుడు: ఖర్చు కన్నా ముందు నిర్ధారణ

దివ్యఖుర్ఆన్‌లోని నహ్ల్ అధ్యాయంలో అల్లాహ్ తన దాసులకు ప్రసాదించిన అనుగ్రహాలను వరుసగా గుర్తు చేస్తూ నీడలను, కొండలలోని ఆశ్రయాలను, వేడిమి నుండి కాపాడే దుస్తులను ప్రత్యేకంగా పేర్కొన్నాడు. ఎండ నుండి రక్షణ కోరుకోవటం మానవ సహజమనీ, ఆ రక్షణ లభించినప్పుడు కృతజ్ఞత చూపటం దాసుని ధర్మమనీ దీనివల్ల బోధపడుతుంది. నోటితో అల్‌హందులిల్లాహ్ అనటంతో పాటు, లభించిన వస్తువును సక్రమంగా వాడుకోవటం, పాడైనప్పుడు సరైన రీతిలో బాగుచేయించుకోవటం, దాని పేరిట ధనాన్ని వృథా చేయకపోవటం కూడా కృతజ్ఞతలో భాగాలే.

ఏప్రిల్, మే మాసాలలో మన పెద్దపల్లి, కరీంనగర్, మంచిర్యాల ప్రాంతాల ఎండ ఎటువంటిదో పాఠకులకు వేరుగా చెప్పనవసరం లేదు. రామగుండం వైపు 45 డిగ్రీలు దాటే రోజులను మనం ఎరుగుదుము. సుల్తానాబాద్ నుండి రాజీవ్ రహదారి మీదుగా కరీంనగర్‌కు డయాలసిస్ కోసం వెళ్లే రోగికి, హైదరాబాద్ ఆసుపత్రి నుండి పసిబిడ్డతో ఇంటికి వస్తున్న బాలింతకు, హజ్ హౌస్‌కు చేరవలసిన వయోవృద్ధులైన యాత్రికులకు కారులోని ఏసీ విలాసం కాదు, అవసరం. అద్దె కారు నడిపే సోదరునికైతే అది జీవనోపాధితో ముడిపడినది. ఎండాకాలంలో చల్లదనం లేని కారును రెండోసారి పిలిచేవారు ఉండరు.

అటువంటి ఏసీ ఒకనాడు వేడిగాలి ఊదటం మొదలుపెడుతుంది. వెంటనే వినిపించే తీర్పు ఒక్కటే: "గ్యాస్ అయిపోయింది, నింపిస్తే సరి." యజమాని అదే అంటాడు, ఇరుగుపొరుగువారు అదే అంటారు, తొందరలో ఉన్న మెకానిక్ కూడా అదే అంటాడు. గ్యాస్ నింపుతారు. కారు చల్లబడుతుంది. కొన్ని వారాలకో, మరుసటి వేసవికో మళ్లీ అదే కథ. ఈ తీర్పు ఎంతవరకు సరైనదో, దానికి ముందు పరిశీలించవలసినవి ఏమిటో, ఈ వ్యవహారంలో ధర్మం మన నుండి ఏమి కోరుతుందో ఈ నెల ముచ్చటించుకుందాం. మేము మరమ్మతు వృత్తిలోని వారము కాము. ఆ పని తెలిసిన సోదరులను అడిగి తెలుసుకున్న విషయాలను కుటుంబాలకు ఉపయోగపడేలా క్రమంలో పెట్టి చెబుతున్నాము. తెలియనిది తెలిసినవారిని అడగమన్నదే కదా మన ధర్మం మనకు నేర్పిన పద్ధతి!

అనుమానంతో తీర్పు చెప్పరాదు

మదరసాలో ఫిఖహ్ పాఠాలు మొదలైన తొలినాళ్లలోనే విద్యార్థులకు ఒక సూత్రం నేర్పుతాము. నిశ్చయంగా తెలిసిన విషయం కేవలం అనుమానం వల్ల తొలగిపోదు అన్నది దాని సారాంశం. నమాజులో ఉన్న వ్యక్తికి తన వుజూ భంగమైందేమోనన్న సందేహం కలిగితే, స్పష్టమైన ఆనవాలు లేనిదే నమాజు విడిచి వెళ్లవద్దని దైవప్రవక్త (స) చేసిన బోధ దీనికి మూలం. తుర్కీ ఉస్మానీ పాలకుల కాలంలో 1869, 1876 సంవత్సరాల మధ్య రూపొందిన 'మజల్లా' న్యాయస్మృతిలో ఈ సూత్రం నాలుగవ నిబంధనగా చోటు చేసుకున్నది.

ఆరాధనల విషయంలో పుట్టిన ఈ సూత్రం నిత్యజీవితంలోనూ మేలు చేస్తుంది. నిన్నటివరకు పనిచేసిన కంప్రెసర్ నేడు పాడైందని చెప్పాలంటే ఆనవాలు కావాలి. మూసి ఉన్న గొట్టాలలోని గ్యాస్ తరిగిపోయిందని చెప్పాలంటే కొలత కావాలి. ఆనవాలు, కొలత లేకుండా పెట్టే ఖర్చు అనుమానం మీద పెట్టిన ఖర్చు. అది ఫలించవచ్చు, ఫలించకపోవచ్చు. పేద, మధ్యతరగతి కుటుంబాల కష్టార్జితాన్ని ఆ విధంగా పందెం కాయటం వివేకవంతుల పని కాదు.

చల్లదనం ఎలా పుడుతుంది?

మన ఇళ్లలో వేసవికి కొత్త రంజన్ కొనుక్కుంటాము. మట్టి రంధ్రాల గుండా చెమర్చిన నీరు ఆవిరవుతూ లోపలి నీటి వేడిని తనతో తీసుకుపోతుంది. అందువల్లనే రంజన్‌లోని నీరు చల్లగా ఉంటుంది. వట్టివేళ్ల తడికలు కిటికీకి కట్టి నీళ్లు చల్లినప్పుడు జరిగేదీ ఇదే. ద్రవం ఆవిరిగా మారాలంటే దానికి వేడి కావాలి, ఆ వేడిని అది పక్కనున్న వస్తువు నుండి గ్రహిస్తుంది. సృష్టికర్త పెట్టిన ఈ నియమం మీదనే కారు ఏసీ కూడా పనిచేస్తుంది.

రంజన్‌లో ఆవిరైన నీరు గాలిలో కలిసిపోతుంది కనుక మళ్లీ నీళ్లు పోయవలసి వస్తుంది. కారు ఏసీలో మాత్రం ఆవిరైన పదార్థం బయటకు పోదు. మూసి ఉన్న గొట్టాలలో అదే పదార్థం తిరుగుతూ ఉంటుంది. ఇంజను బెల్టుతో తిరిగే కంప్రెసర్ ఆ గ్యాసును గట్టిగా అదుముతుంది. అదిమినప్పుడు అది వేడెక్కుతుంది. ఆ వేడి గ్యాస్ కారు ముందుభాగంలో, రేడియేటరుకు ముందు జాలీలా ఉండే కండెన్సరులోకి వెళ్లి, తన వేడిని బయటి గాలికి వదిలి ద్రవమవుతుంది. తరువాత డ్రయ్యర్ దానిలోని తేమను పీల్చుకుంటుంది. ఎక్స్‌పాన్షన్ వాల్వ్ అనే సన్నని ద్వారం గుండా వెలువడగానే ఒత్తిడి తగ్గి, డ్యాష్‌బోర్డు వెనుకనున్న కూలింగ్ కాయిల్‌లో అది ఆవిరవుతూ చుట్టుపక్కల వేడిని లాగేసుకుంటుంది. ఆ కాయిల్ మీదుగా బ్లోయర్ ఊదే గాలి మనకు చల్లగా తగులుతుంది. ఆవిరైన గ్యాస్ తిరిగి కంప్రెసరుకు చేరుతుంది.

పెట్రోలు వలె గ్యాస్ కాలి ఖర్చయ్యేది కాదని దీనినిబట్టి అర్థమవుతుంది. "ప్రతి వేసవికీ గ్యాస్ నింపాలి" అన్న మాటకు ఆధారం లేదు. రబ్బరు గొట్టాల గుండా సంవత్సరాల తరబడి కొద్దికొద్దిగా తగ్గటం సహజమే. కాని ఒక్క ఏడాదిలోనే చల్లదనం పోయేంతగా తరిగిందంటే ఎక్కడో చిల్లు ఉన్నట్లే. మరొక సంగతి: చల్లదనం ఆగటానికి గ్యాస్ తరుగుదల ఒక్కటే కారణం కాదు. ఇన్ని భాగాలలో ఏది మొరాయించినా ఫలితం వేడిగాలే.

ఇంటివద్దనే చూసుకోదగినవి

పరిశీలనను ఖర్చులేని వాటితో మొదలుపెట్టి, ఖర్చయ్యే వాటివైపు వెళ్లాలి.

మొదటగా మీటలను చూడండి. చల్లదనపు మీట పూర్తిగా నీలిరంగు వైపు ఉన్నదా? ఏసీ బటన్ దీపం వెలుగుతున్నదా? బయటి గాలిని లోపలికి తెచ్చే మీట తెరిచి ఉండిపోయిందా? 44 డిగ్రీల బయటి గాలిని నిరంతరం లోపలికి లాగుతుంటే ఏ ఏసీ అయినా అలసిపోతుంది. ఎండలో నిలిపిన కారు లోపలి వేడి బయటికన్నా చాలా ఎక్కువగా ఉంటుంది. కనుక బయలుదేరేటప్పుడు రెండు నిమిషాలు అద్దాలు దించి వేడిగాలిని పోనివ్వాలి. ఆ పైన అద్దాలు ఎత్తి, లోపలి గాలినే తిప్పే మీట నొక్కాలి.

రెండవది, గాలి వేగం. గాలి చల్లగానే ఉండి పలుచగా వస్తున్నదా, లేక జోరుగా వచ్చి వేడిగా ఉన్నదా? ఈ రెండింటి కారణాలు వేరు. చల్లగా ఉండి తక్కువగా వస్తుంటే క్యాబిన్ ఫిల్టర్ దుమ్ముతో పూడుకుపోయి ఉండవచ్చు. చాలా కార్లలో అది ముందు సీటు ఎదుట కాగితాలు పెట్టుకునే అర వెనుక ఉంటుంది. ఎలా తీయాలో కారుతో ఇచ్చిన పుస్తకంలో ఉంటుంది. బయటకు తీసి వెలుతురుకు ఎదురుగా పట్టుకుంటే సంగతి తెలిసిపోతుంది. తక్కువ ధరకు దొరికే ఈ ఫిల్టరును మార్చకుండా ఏసీ పాడైందని వేలు వెచ్చించేవారు ఉన్నారు. గాలి జోరుగా వస్తూ చల్లదనమే లేకపోతే తరువాతి పరీక్షలకు వెళ్లాలి.

మూడవది, కాలాన్ని గమనించటం. మొదటి అరగంట చల్లగా ఉండి, తరువాత గాలి వేగమే తగ్గిపోతున్నదా? కూలింగ్ కాయిల్ మీద మంచు పేరుకుంటూ ఉండవచ్చు. ఏసీ బటన్ ఆపి బ్లోయరును మాత్రం పది, పదిహేను నిమిషాలు నడిపితే మంచు కరిగి గాలి మళ్లీ వస్తుంది. అలా వచ్చిందంటే మెకానిక్‌కు అదే మాట చెప్పండి. అతని శ్రమ సగం తగ్గుతుంది.

నాల్గవది, నీటి సంగతి. ఏసీ నడుస్తుండగా కారు కింద నీటి చుక్కలు పడటం దోషం కాదు. గాలిలోని తేమ కాయిల్ మీద నీరై బయటకు పోతున్నదని అర్థం. ఆ నీరు కారు లోపల, ముందు కూర్చున్నవారి కాళ్లవద్ద చేరుతుంటే మాత్రం నీరు పోయే గొట్టం పూడుకున్నదన్నమాట.

నడుస్తుంటే చల్లగా, నిలబడితే వేడిగా

మా సుల్తానాబాద్ పరిసరాలలో తరచుగా కనిపించే దోషం ఇది. కారు రహదారిపై పరుగెడుతున్నంతసేపు చల్లగానే ఉంటుంది. రైల్వే గేటు వద్దనో, బజారు రద్దీలోనో ఆగగానే గాలి వేడెక్కుతుంది. కండెన్సర్ తన వేడిని బయటికి వదలలేకపోతున్నదనటానికి ఇది ఆనవాలు. కారు నడిచేటప్పుడు ఎదురుగాలి దానిని చల్లబరుస్తుంది. నిలబడినప్పుడు ఆ పని ఫ్యాన్ చేయాలి. ఫ్యాన్ తిరగకపోయినా, కండెన్సర్ పూడుకుపోయినా చల్లదనం ఆగిపోతుంది.

సుల్తానాబాద్ రైసు మిల్లుల పట్టణం. వడ్ల కోతల కాలంలో ఊక, పొట్టు గాలిలో తేలుతూ ఉంటాయి. కల్లాల పక్కగా, వడ్ల లారీల వెనుకగా తిరిగే కార్ల కండెన్సర్ జాలీలో ఆ పొట్టు, ధూళి, పురుగులు చేరి కంబళి కప్పినట్లు అవుతుంది. గోదావరిఖని వైపు తిరిగే బండ్లకు బొగ్గు ధూళి, కరీంనగర్ గ్రానైట్ క్వారీల వైపు వెళ్లేవాటికి రాతి ధూళి తోడవుతాయి. యాసంగి కోతలు కూడా ఎండలు ముదిరే వేళకే వస్తాయి. కనుక ఏసీకి ఎక్కువ పని పడే రోజులలోనే దాని ఊపిరి బిగుసుకుపోతున్నది.

పరీక్ష సులభం. బండిని చదునైన చోట నిలిపి, హ్యాండ్ బ్రేక్ వేసి, ఇంజను, ఏసీ నడుస్తుండగా ఒకరు బయట నిలబడి ముందు ఫ్యాన్ తిరుగుతున్నదేమో కాస్త దూరం నుండి చూడాలి. ఆ ఫ్యాన్ ఇంజను ఆపిన తరువాత కూడా హఠాత్తుగా తిరగవచ్చు. చేతులు, దుపట్టా కొంగు దాని దరికి పోనీయవద్దు, పిల్లలను దగ్గర ఉంచవద్దు. ఫ్యాన్ తిరగకపోతే ఫ్యూజు, రిలే, మోటారు చూపించాలి. తిరుగుతున్నా ఫలితం లేకపోతే ఇంజను ఆపి, బండి చల్లారిన తరువాత, కండెన్సర్ మీద పలుచని ధారతో నీళ్లు పోసి శుభ్రం చేయాలి. సర్వీసింగ్ కేంద్రాలలోని జోరు ధారను దగ్గరగా పెడితే జాలీ రేకులు వంగిపోతాయి. శుభ్రం చేసిన తరువాత చల్లదనం మెరుగుపడితే దోషం దొరికినట్లే. ఒక బకెట్ నీటితో పోయేదానికి గ్యాస్ అవసరం లేదు.

ఇంజను వేడిని చూపే ముల్లును కూడా ఒకసారి గమనించండి. ఇంజను మరీ వేడెక్కినప్పుడు అనేక కార్లలో ఏసీ తనంతట తానే ఆగిపోతుంది. అప్పుడు బాగుచేయించవలసింది ఏసీని కాదు, ఇంజనును చల్లబరిచే ఏర్పాటును. ముల్లు ఎర్రగీతకు చేరితే బండిని పక్కకు నిలిపి ఇంజను ఆపాలి. వేడిగా ఉన్న రేడియేటర్ మూత తెరవరాదు.

కంప్రెసర్ అందుకుంటున్నదా?

చాలా కార్లలో ఏసీ బటన్ నొక్కగానే బానెట్ కింద "టక్" మని శబ్దం వినిపిస్తుంది, ఇంజను శబ్దంలో కొద్దిపాటి మార్పు వస్తుంది. కంప్రెసర్ క్లచ్ అందుకున్నదనటానికి అది గుర్తు. కొన్ని కొత్త కార్లలో ఈ క్లచ్ ఉండదు కనుక శబ్దం లేనంత మాత్రాన దోషం అనుకోరాదు. బ్యాటరీతో నడిచే కార్లలో, హైబ్రిడ్ కార్లలో కంప్రెసర్ అధిక విద్యుత్తుతో తిరుగుతుంది. అక్కడి నారింజరంగు తీగల జోలికి ఎవరూ పోరాదు.

ఇంతవరకు శబ్దం వచ్చే కారులో ఇప్పుడు రాకపోతే కంప్రెసర్ పోయిందని నిర్ణయించకండి. ఫ్యూజు కాలిపోయి ఉండవచ్చు, రిలే పనిచేయకపోవచ్చు, ఎలుక తీగను కొరికి ఉండవచ్చు. గ్యాస్ మరీ తక్కువైనప్పుడు ప్రెషర్ స్విచ్ కంప్రెసరును కావాలనే ఆపుతుంది. ఎందుకంటే కంప్రెసరుకు కావలసిన నూనె గ్యాసుతో కలిసే ప్రయాణిస్తుంది. గ్యాస్ లేకుండా తిరిగితే నూనె అందక అది అరిగిపోతుంది. గమనించారా? చిన్న చిల్లును ఏళ్ల తరబడి పట్టించుకోకపోతే చివరకు వేల రూపాయల కంప్రెసర్ బలి అవుతుంది.

గ్యాస్ తరిగితే ముందుగా చిల్లు వెదకాలి

పై పరీక్షలన్నీ అయిన తరువాతనే గ్యాస్ సంగతికి రావాలి. ఇది గేజిలు ఉన్న మెకానిక్ చేయవలసిన పని. ఇంటివద్ద గొట్టాల బిరడాలు విప్పరాదు. ఈ గ్యాస్ సాధారణ వాతావరణంలో సున్నాకు 26 డిగ్రీల దిగువనే మరిగిపోతుంది. కంటిమీద, చర్మంమీద చిమ్మితే మంచుగాయం చేస్తుంది.

మెకానిక్ నీలిరంగు గేజిని తక్కువ ఒత్తిడి వైపు, ఎర్రరంగు గేజిని ఎక్కువ ఒత్తిడి వైపు తగిలిస్తాడు. ఏసీ నడుస్తుండగా రెండూ ఉండవలసిన దానికన్నా తక్కువ చూపితే గ్యాస్ తరిగిందని అనుమానించవచ్చు. రెండూ ఎక్కువ చూపితే కండెన్సర్ చల్లబడటం లేదనో, గ్యాస్ మోతాదు మించిందనో, లోపల గాలి చేరిందనో అర్థం. తక్కువ వైపు ఎక్కువగా, ఎక్కువ వైపు తక్కువగా ఉంటే కంప్రెసర్ అదమలేకపోతున్నదని అర్థం. కొనుగోలుదారులు ఈ మూడు గుర్తులు తెలుసుకుంటే చాలు, "గేజి ఏమి చూపిస్తున్నది బాబూ?" అని అడిగే చనువు వస్తుంది.

గ్యాస్ తరిగిందని తేలితే తరువాతి ప్రశ్న, అది ఎటు పోయింది? గ్యాస్ పోయిన చోట నూనె కూడా చెమర్చి, దానికి దుమ్ము అంటుకుని నల్లటి మరక పడుతుంది. గొట్టాల జాయింట్ల వద్ద సబ్బు నురుగు పూస్తే బుడగలు లేస్తాయి. కనిపించని చిల్లులకు రంగు ద్రవాన్ని పంపి ప్రత్యేక దీపంతో వెదుకుతారు, లేదా నత్రజని వాయువు నింపి ఒత్తిడి నిలుస్తున్నదేమో చూస్తారు. చిల్లు పూడ్చిన పిదప పంపుతో లోపలి గాలిని, తేమను పూర్తిగా లాగేసి, ఆ శూన్యం నిలబడుతున్నదేమో కొంతసేపు గమనించాలి. లోపల తేమ మిగిలితే వాల్వ్ వద్ద మంచు కట్టి దారి మూసుకుపోతుంది. అటు పిమ్మట బానెట్ కింది చీటీపై రాసి ఉన్న గ్రాముల లెక్క ప్రకారం తూచి నింపాలి. చిన్న కార్లకు అది సుమారు అరకిలో, అంతకు లోపు ఉంటుంది. "ఇంకాస్త వేస్తే ఇంకా చల్లగా ఉంటుంది" అన్న మాట పొరపాటు. మోతాదు మించితే చల్లదనం తగ్గుతుంది, కంప్రెసర్‌పై భారం పెరుగుతుంది.

మాకు పరిచయమున్న ఒక టాక్సీ సోదరుడు వరుసగా మూడు వేసవులు గ్యాస్ నింపించాడు. ఒక్కోసారి రెండు వేలు. నాల్గవ ఏడు వేరొక పనివాడు గేజి పెట్టకముందే కండెన్సర్ దిగువ మూలను వేలితో తడిమి, నూనె అంటిన వేలిని చూపించాడు. రోడ్డు మీది రాయి తగిలి ఏర్పడిన సూదిమొనంత చిల్లు అది. కండెన్సర్ మార్చారు. అప్పటినుండి గ్యాస్ నింపవలసిన అవసరం కలగలేదు. ఆ మూడు వేసవులూ ఆ సోదరుడు కొన్నది చల్లదనం కాదు, కొన్ని వారాల గడువు.

గాలిలో వదిలినది ఎవరిది?

దుబారాను నిషేధించిన ధర్మం మనది. గ్యాస్ విషయంలో దుబారా మన జేబుతో ఆగదు. పూర్వం కార్లలో ఆర్-12 అనే గ్యాస్ వాడేవారు. అది ఆకాశంలోని ఓజోన్ పొరను తినేస్తున్నదని తేలి, 1987లో మాంట్రియల్ ఒప్పందం ద్వారా ప్రపంచ దేశాలు దానిని క్రమంగా మాన్పించాయి. దాని స్థానంలో వచ్చినదే నేడు మన కార్లలో విస్తారంగా ఉన్న ఆర్-134ఏ. ఇది ఓజోను పొరకు హాని చేయదు గాని, భూమిని వేడెక్కించటంలో బలమైనది. వాతావరణ మార్పుపై ఐక్యరాజ్యసమితి శాస్త్రజ్ఞుల సంఘం 2007 నివేదికలోని లెక్క ప్రకారం, వందేళ్ల కాలానికి ఒక కిలో ఆర్-134ఏ 1430 కిలోల బొగ్గుపులుసు వాయువుతో సమానం. చిన్న కారులోని 400 గ్రాముల గ్యాస్ చిల్లు గుండా పోతే దాదాపు 570 కిలోల బొగ్గుపులుసు వాయువు వదిలినట్లు. సుమారు 250 లీటర్ల పెట్రోలు కాల్చినప్పుడు వెలువడేది అంత.

ఈ కారణంగానే 2016లో రువాండా రాజధాని కిగాలీలో ఈ కోవకు చెందిన వాయువులను తగ్గించాలని దేశాలు అంగీకరించాయి. భారతదేశం 2021లో ఆ సవరణను ఆమోదించింది. మన దేశంలో ఈ తగ్గింపు 2032 నుండి దశలవారీగా మొదలై 2047 నాటికి 85 శాతానికి చేరవలసి ఉన్నది. అంటే నేడు మన చేతిలో ఉన్న గ్యాస్ రేపు తేలికగా దొరికేది కాదు. మన కారు చల్లదనం కోసం అందరి ఎండను పెంచటం, ఇతరులకు హాని తలపెట్టరాదన్న ధర్మసూత్రానికి తగినది కాదు. పాత గ్యాసును గాలిలోకి వదలకుండా యంత్రంతో తిరిగి పట్టుకునే మెకానిక్ దొరికితే, అతడు కొంత ఎక్కువ అడిగినా అతని వద్దకే వెళ్లటం ఉత్తమం.

మరో ప్రమాదం కూడా ఉన్నది. చవకగా వస్తుందని అసలు గ్యాస్ బదులు వంటగ్యాస్ వంటి మండే వాయువును కారు ఏసీలో నింపటం ప్రాణాంతకం. కారు లోపలికి అది లీకైతే ఒక్క నిప్పురవ్వ చాలు. డబ్బాపై పేరు చూడండి, బానెట్ చీటీతో సరిపోల్చండి. కొన్ని కొత్త కార్లలో ఆర్-1234వైఎఫ్ అనే వేరే గ్యాస్ ఉంటుంది. రెండింటినీ కలపరాదు.

పనివాడు, పని ఇచ్చినవాడు

దైవప్రవక్త (స) ఒకనాడు బజారులో ధాన్యపు రాశిలో చేయి పెట్టి చూడగా లోపల తడి తగిలింది. వాన వల్ల తడిసిందని వర్తకుడు చెప్పాడు. అలాంటప్పుడు తడిసినదాన్ని జనులకు కనబడేలా పైననే ఉంచవలసింది కదా అని ఆయన ప్రశ్నించి, మోసగించేవానికి తమతో సంబంధం లేదని హెచ్చరించారు. సహీహ్ ముస్లింలో ఉన్న ఈ సంఘటన, వడ్ల వ్యాపారంతో బ్రతికే మా పట్టణంవారికి ఇట్టే అర్థమవుతుంది. చిల్లు ఉన్నదని తెలిసీ చెప్పకుండా గ్యాస్ నింపి పంపిన మెకానిక్ కూడా తడి ధాన్యాన్ని అడుగున దాచినవాడే. ఏసీ పనిచేయదని తెలిసి, అమ్మకానికి రెండు రోజుల ముందు గ్యాస్ నింపించి కారు అమ్మినవాడూ అంతే. దాచిన లోపం బయటపడితే సరుకును తిరిగి ఇచ్చివేసే హక్కు కొన్నవానికి ఉంటుందని మన ధర్మశాస్త్రవేత్తలు స్పష్టంగా రాశారు.

ఐతే తప్పు ఎల్లప్పుడూ పనివానిదే కాదు. "లీకు వెదకటానికి సమయం పడుతుంది, దానికి కూలి అవుతుంది" అని నిజాయితీగల యువకుడు చెబితే, "చూసినందుకు కూడా డబ్బులా? గ్యాస్ వెయ్యి, చాలు" అని అతనిని తొందరపెట్టేది మనమే. వెదకటం కూడా శ్రమే. దోషం కనుక్కోవటం ఏళ్ల తరబడి నేర్చిన విద్య. దానికి విలువ కట్టని సమాజంలో విద్య నేర్చినవాడు కూడా గ్యాస్ నింపి పంపటానికే అలవాటు పడతాడు. కూలికి పెట్టుకునేటప్పుడు పని ఏమిటో, ప్రతిఫలం ఎంతో ముందుగా ఇరువురికీ తెలిసి ఉండాలన్నది ఇజారా నియమం. కనుక బండి అప్పగించేటప్పుడే మాట్లాడుకోండి: వెదకటానికి ఎంత, బాగుచేయటానికి ఎంత, మార్చిన పాత భాగాన్ని చూపిస్తారా, ఎన్ని గ్రాములు నింపారో రసీదులో రాస్తారా. పని కాగానే మాట్లాడుకున్న కూలిని ఆలస్యం లేకుండా చెల్లించండి. దాచిపెట్టిన లోపం వర్తకుడికి ఎలా తగదో, ఎగవేసిన కూలి కొనుగోలుదారుడికి అలాగే తగదు.

ప్రాణాల విషయంలో

చివరగా తల్లిదండ్రులకు ఒక విన్నపం. ఏసీ నడుస్తున్నదన్న ధైర్యంతో పసిపిల్లలను కారులో ఉంచి దుకాణంలోకి వెళ్లకండి. ఏసీ ఏ క్షణంలోనైనా ఆగవచ్చు, మూసిన కారు నిమిషాలలో కొలిమి అవుతుంది. ఇంజను నడుపుతూ ఏసీలో నిద్రపోవటం, ముఖ్యంగా షెడ్డు వంటి మూసిన చోట, మరింత ప్రమాదకరం. పొగగొట్టం నుండి వచ్చే కార్బన్ మోనాక్సైడుకు రంగు లేదు, వాసన లేదు. నిద్రలోనే ప్రాణం తీస్తుంది. దూరప్రయాణంలో ఏసీ ఆగితే మొండిగా ముందుకు సాగక, నీడపట్టున ఆగి వృద్ధులకు, రోగులకు నీళ్లు తాగించి, తడిగుడ్డతో ముఖం, మెడ తుడిచి, ఎండ తగ్గాక బయలుదేరండి. మాటలో తడబాటు, స్పృహ తప్పటం కనిపిస్తే ఆలస్యం చేయక 108కు ఫోన్ చేయండి.

మొదట మీటలు, తరువాత ఫిల్టర్, ఆ తరువాత ఫ్యాన్, కండెన్సర్, పిమ్మట ఫ్యూజు, క్లచ్, చివరకు గ్యాస్. గ్యాస్ తరిగితే ముందు చిల్లు, తరువాతనే నింపటం. ఈ వరుసను ఇంట్లో కారు నడిపేవారందరికీ చెప్పండి, పరిచయమున్న అద్దె కార్ల సోదరులకు కూడా తెలియజేయండి. అల్లాహ్ మన సంపాదనలో శుభాన్ని, మన చేతిపనులలో నిజాయితీని, మన ప్రయాణాలలో క్షేమాన్ని ప్రసాదించుగాక. ఇహలోకపు వేడిమిని తప్పించుకునే ప్రయత్నంలో పరలోకపు వేడిమిని కొని తెచ్చుకోకుండా మనందరినీ కాపాడుగాక. ఆమీన్.